ప్రెసిడెంటు గారి కారు కిందకి దూరిన రత్నం గారు

మొన్న ఒక హెడ్మాస్టరు గారి కోసం పాత కారు చూడ్డానికి రాజమండ్రి బైపాస్ మీద ఉన్న ఒక షెడ్డుకి వెళ్ళాను. కారు తలుపు తియ్యగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. పెద్ద కారు, ఒకప్పుడు మంత్రులూ షావుకార్లూ తిరిగిన రకం, నల్లగా నిగనిగలాడుతోంది. తోలు సీట్లు, నెత్తిన అద్దాల కప్పు, వెనక కూర్చున్నవాళ్ళకి ఎండ తగలకుండా మీట నొక్కితే లేచే పరదా. హెడ్మాస్టరు గారు చిన్నపిల్లాడిలా ఆ పరదాని లేపుతూ దించుతూ మురిసిపోతున్నారు. నేను తల లోపల పెట్టి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాను. మల్లెపూల అడుగున ఇంకో వాసన ఉంది. వానకి తడిసి మూల పడున్న గోనెసంచి వాసన. ఏ ఊళ్ళోనో వరదనీళ్ళలో మునిగి, ఎండబెట్టి, ఇక్కడికి తోలుకొచ్చిన కారది. కార్పెట్టు ఎత్తి చూద్దామని వంగేసరికి షెడ్డు యజమాని చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు. "ముందు కూర్చోండి మేడమ్, కాఫీ తెప్పిస్తాను. కారెక్కడికీ పోదు కదండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ ఏం పాపం చేసింది, కోపం దాని మీద కాదు. కాఫీ పోసి కళ్ళు కప్పెయ్యచ్చనే ఆ ధీమా మీద. ఆ షెడ్డులో నిలబడి ఉండగానే నాకు రత్నం గారు గుర్తొచ్చారు.

రత్నం గారు ఇన్సూరెన్సు సర్వేయరు. గుద్దుకున్న కార్లనీ, కాలవలో పడ్డ కార్లనీ చూసి, ఎంత నష్టం జరిగిందో, బాగుచెయ్యడానికి పనికొస్తుందో లేదో కంపెనీకి చెప్పడం ఆవిడ పని. పేరు విని మగమనిషి వస్తాడనుకున్నవాళ్ళు, పొట్టిగా బొద్దుగా, నుదుట పెద్ద బొట్టుతో, చీర మీద వాళ్ళాయన పాత ఫుల్‌హాండ్ చొక్కా తొడుక్కుని దిగిన ఆవిణ్ణి చూసి, "సర్వేయరు గారు రాలేదాండీ?" అని వెనక్కి చూసేవారు. "వచ్చేశాను, పక్కకి జరగండి" అనేవారావిడ. డిక్కీలోంచి ఒక పాత దుప్పటి తీసి, నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని కారు కిందకి జరిగిపోయేవారు. ఆవిడ గొంతు వీధి చివరికి వినబడేది. కారు కిందనుంచి మాట్లాడినా సరే.

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదివాను. ఆ క్లాసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. చదువయ్యాక ఏ గ్యారేజీకి వెళ్ళినా "మంచి చదువేనమ్మా, కానీ గ్రీజులో చేతులెందుకు నీకు, రిసెప్షన్‌లో కూర్చుంటావా?" అని అడిగేవారు. ఆ అడిగే తీరులో ఎంత దయ ఒలికేదో! మొహమ్మీద తలుపు వేసేవాళ్ళే నయం, దయగా వేసేవాళ్ళని తిట్టడానికి కూడా ఉండదు. రత్నం గారికి సాయానికి మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. ఆవిడ నా సర్టిఫికెట్లు తిరగేసి కూడా చూడలేదు.

"కారు కింద పడుకోగలవా?"

"పడుకుంటానండి."

"చీరలోనా?"

"నేను డ్రెస్సులే వేసుకుంటానండి."

"అయితే నాకంటే నయం. రేపట్నుంచి రా."

సెలవురోజుల్లో ఆవిడకి ఇంకో పని ఉండేది. పాత కార్లు కొనుక్కునేవాళ్ళు వచ్చి బతిమాలి తీసుకుపోయేవారు. అలా నేను మొదటిసారి ఆవిడ వెంట వెళ్ళింది అమలాపురం అవతల ఒక కొబ్బరితోటల ఆసామి ఇంటికి. కొనేది ఒక బ్యాంకు మేనేజరు గారు. మేం దిగేసరికే వరండాలో అరిటాకులు వేసేశారు. పనసపొట్టు కూర ఆవపెట్టిన ఘాటు గుమ్మం దాకా వస్తోంది. ఆసామి భార్య చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చింది. "కాళ్ళు కడుక్కుని రండమ్మా, వేడన్నం చల్లారిపోతుంది." రత్నం గారు రెండు చేతులూ జోడించి, "కారు చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనండి, ఏమీ అనుకోకండి" అన్నారు. ఆ ఇల్లాలి మొహం చిన్నబోయింది. నాకు సిగ్గుతో ఎక్కడికైనా పారిపోదామనిపించింది. మా వైపు గుమ్మంలోకొచ్చి మంచినీళ్ళు వద్దనడమంటే, మీకూ మాకూ చెల్లు అనడమే. మేనేజరు గారు అప్పటికే ఆకు ముందు కూర్చుని రెండో వడ్డన దగ్గరున్నారు.

ఆవిడ కారంతా చూశారు. కిందా మీదా లోపలా చూసి, నడిపించి చూసి, చేతులు కడుక్కుని వచ్చి, "బండి నిక్షేపంలా ఉంది. ఇప్పుడు వడ్డించండమ్మా" అని ఆకు ముందు చతికిలబడ్డారు. ఆ భోజనం చూడాలి! రత్నం గారికి తిండి అంటే ప్రాణం. పనసపొట్టు కూర అడిగి అడిగి వేయించుకున్నారు. ఆ ఇల్లాలు వడ్డిస్తూ వడ్డిస్తూ నవ్వేసింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో నాకు చెప్పారు. "మన జిల్లాల్లో కారు అమ్మేది వంటిల్లమ్మా. పులుసు పోయించుకున్నాక ఆ ఇంటి కారు కింద దూరి, ఇక్కడ తుప్పుందండీ అని ఎలా అంటావు? నాలుక మీద ఆయన ఉప్పు ఉంటుంది కదా! అందుకని ముందు చూపు, తరవాత ముద్ద." కారు బాగుంటే తినేవారు, బాగులేకపోతే ఆ గుమ్మంలోంచి పస్తుతో వచ్చేసి, దారిలో ఏ పెసరట్ల బండి దగ్గరో ఆగి, వదులుకొచ్చిన పులస పులుసుని తలుచుకుని నిట్టూర్చేవారు. కొన్నాళ్ళకి మా చుట్టుపక్కల, కారు ఎలా ఉందని అడగడం మానేశారు. "రత్నం గారు భోంచేశారా?" అని అడిగేవారు.

పాత పెద్దకార్లంటే ఆవిడకి ఇష్టమూ ఉండేది, భయమూ ఉండేది. "ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం. పైగా ముసలి ఏనుగు" అనేవారు. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించమనేవారు. వెచ్చగా ఉంటే, మనం రాకముందే స్టార్ట్ చేసి దాని దగ్గూ రొప్పూ తీర్చేశారన్నమాట, చల్లారేదాకా కూర్చోమనేవారు. గాలి మీద తేలే సస్పెన్షన్ ఉన్న కారైతే ఆ కూర్చున్నంతసేపూ దాన్ని కదలనివ్వకూడదు. ఒక మూల మెల్లగా కిందకి కుంగిపోతుంటే ఆ కారు జోలికి పోకూడదు. నూనె మూత తీసి అడుగున మజ్జిగలాంటి తెట్టె ఉందేమో చూడాలి, ఉంటే నూనెలో నీళ్ళు కలిశాయన్నమాట. సీటుబెల్టు చివరికంటా లాగితే దాని తుది భాగంలో బురద చార కనబడచ్చు, కారుని కడిగేవాళ్ళు అక్కడిదాకా కడగరు. అద్దాలన్నిటి మీదా తయారైన ఏడాది గుర్తు ఉంటుంది, ఒక్క ముందు అద్దం మాత్రమే వయసులో చిన్నదైతే, పాతది ఏమైందో అడగాలి. తాళం తిప్పగానే ఎర్రదీపాలన్నీ వెలగాలి. ఎయిర్‌బ్యాగు దీపం మాత్రం ఇంజను స్టార్ట్ చెయ్యకముందే తనంతట తాను ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఇంజను దీపాలతో కలిసి ఆరినా, దాని వెనక ఎవరో వేలు పెట్టారని అర్థం. ఇవన్నీ ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఫోను నేర్పలేనిది ఒకటుంది. ఇవన్నీ తెలిసి కూడా, అమ్మేవాడి ఎదురుగా వంగి చూడ్డానికి మనవాళ్ళకి మొహమాటం.

ఆ మొహమాటాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడికిపోతుంది. మా వైపు కారుని చూసి కొనరు, కారు ఎవరిదో చూసి కొంటారు. "లాయరు గారి కారండి", "మిల్లు ఆయన కారండి, మచ్చ పడనివ్వరు" అంటే చాలు, కళ్ళకద్దుకుంటారు. కాయగూరల దగ్గర వంకాయని నలుపక్కలా తిప్పి, తొడిమ గిల్లి, పుచ్చుందేమోనని వెతికే మనిషి, పిల్లా జెల్లా ఎక్కి తిరిగే కారు దగ్గర పెద్దమనిషి మొహం చూసి తలూపేస్తాడు. వంకాయలమ్ముకునే మనిషిని అనుమానించడం తప్పు కాదు, పెద్దింటాయన్ని అనుమానిస్తే తప్పు! ఇదేం మర్యాద? రత్నం గారు ఒకసారి నాతో అన్నారు: "నేను చూసే ప్రతి కారులోంచీ ఎవరినో ముందే నెత్తురోడుతుండగా దించేసి ఉంటారమ్మా. నేను వెళ్ళేసరికి సీట్లు ఖాళీగా ఉంటాయి. ఆ సీట్లు చూసినవాళ్ళకి మర్యాదలు గుర్తుండవు."

ఇక మా బాబాయి సంగతి. మా నాన్న తమ్ముడు, పేరు సూరిబాబు. కోనసీమలో మా ఊళ్ళో టాక్సీ నడిపేవాడు. మంచి డ్రైవరు, మెత్తని మనిషి, ఎవరు చెయ్యెత్తినా ఆపుతాడు. పెళ్ళికొడుకుల ఊరేగింపులకి పెద్దకార్లు అద్దెకి తిప్పేవాళ్ళకి చేతినిండా పని ఉంటోందని చూసి, తనూ ఒకటి కొనాలనుకున్నాడు. దానికోసం ఉన్న టాక్సీని అమ్మేశాడు. అంటే ఇక కొనబోయే కారే ఆ ఇంటికి అన్నం పెట్టాలి. సరిగ్గా అప్పుడే మా ఊరి ప్రెసిడెంటు గారు తన పాత పెద్దకారుని అమ్మేస్తున్నారని తెలిసింది. ఆయన ఎప్పుడో ఒకసారి పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు, పదవి పోయినా పేరు పోలేదు. రొయ్యల చెరువులు, వరిచేలు, రెండంతస్తుల ఇల్లు. ఆయన ఎదురొస్తే మా నాన్న ఇప్పటికీ సైకిలు దిగుతాడు. "ఆయన కారు కళ్ళు మూసుకుని కొనచ్చు" అన్నాడు బాబాయి. "కళ్ళు తెరుచుకుని కొందాం బాబాయ్, మా మేడమ్‌ని తీసుకొస్తాను" అన్నాను. బాబాయి తల గోక్కున్నాడు, కానీ నా మాట కాదనలేక సరేనన్నాడు.

వెళ్ళాం. ఊహించినట్టే విందు సిద్ధంగా ఉంది. ప్రెసిడెంటు గారు తెల్లపంచెలో వరండా మెట్ల మీద నిలబడి, "రండి రండి, ముందు భోజనాలు కానివ్వండి, మన ఇంట్లో మనకి బేరాలేంటండీ" అన్నారు. రత్నం గారు ఎప్పటిలాగే చేతులు జోడించారు. బాబాయి మాత్రం పీట మీద కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు, ప్రెసిడెంటు గారు స్వయంగా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడితే! ఆయన పక్కన కూర్చుని తినడం మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ దక్కని గౌరవం. లోపల వడ్డన జరుగుతుంటే బయట రత్నం గారు దుప్పటి పరిచారు. పెద్దాయన కారు కింద ఒక ఆడమనిషి వెల్లకిలా పడుకోవడం చూసి పనివాళ్ళు పని ఆపేశారు.

ఆవిడ బయటికి వచ్చేసరికి మొహం గంటుపెట్టుకుని ఉన్నారు. ముందు అద్దాన్ని చూపించి నాకు సైగ చేశారు. మిగతా అద్దాలకంటే అది చిన్న వయసుది. డ్రైవరు పక్క సీటు ఎదురుగా డాష్‌బోర్డు మీద బొటనవేలితో నొక్కమన్నారు. మెత్తగా లోపలికి పోయింది. చిల్లుని ఏదో మూసి పైన తోలు అతికించారు. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగింది, కానీ ఆరలేదు. ఇంజను స్టార్ట్ చేశాక నూనె దీపంతో పాటే టక్కున ఆరింది. రెండిటికీ ఒకటే తీగ కలిపారు. ఆ కారు ఎక్కడో గట్టిగా గుద్దుకుంది, ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ అప్పుడే పేలిపోయాయి. కొత్తవి వెయ్యకుండా చిల్లులు మూసి, దీపంతో అబద్ధం చెప్పించారు.

భోజనాలై, తాంబూలాలు పట్టుకుని అందరూ బయటికొచ్చారు. రత్నం గారు నాన్చలేదు. "ఈ కారు గుద్దుకున్న కారండి. ముందు ఎయిర్‌బ్యాగులు లేవు. ఉన్నట్టు కనబడేలా చేశారు. కొనద్దు సూరిబాబూ" అన్నారు.

ప్రెసిడెంటు గారు వక్క నములుతూనే ఉన్నారు. "నాకు తెలీదండీ, నేనూ ఒకరి దగ్గర కొన్నదే. మా అల్లుడు తెచ్చాడు" అన్నారు.

"మీరు కొన్నాకే చేయించారండి. అతికించిన తోలుకి ఇంకా జిగురు వాసన పోలేదు. పోనీ తెలీదనే అనుకుందాం. ఇప్పుడు తెలిసింది కదా, ఇప్పుడేం చేస్తారు?"

ఇరుక్కున్నప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారో ఆయనా అదే చేశారు. బాబాయి వైపు తిరిగారు. "ఏంటి సూరిబాబూ, ఇంటికి పిలిచి అన్నం పెట్టినందుకా ఇది? మీ నాన్న ఉండగా మా గుమ్మంలో ఇలాంటి మాట ఎప్పుడైనా పడిందా?"

బాబాయి చేతిలో తాంబూలం అరుగు మీద పెట్టేసి రెండు చేతులూ జోడించాడు. "అయ్యో, అంత మాటొద్దండీ. ఆవిడకేదో అలవాటండి, మీ సంగతి తెలీక అన్నారు. నేను తీసుకుంటానండి. మీ చేతి కారు, నాకింకేం కావాలండీ, ఆయ్" అన్నాడు.

చదివేవాళ్ళు ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించాలి. మా బాబాయి తెలివితక్కువ వాడు కాదు. రత్నం గారి మాట నమ్మలేదనీ కాదు, అక్షరాలా నమ్మాడు. నమ్మి కూడా, జరిగిన అవమానానికి పరిహారంగా ఆ కారుని కొన్నాడు. ఆ గుమ్మంలో ఒక నిజం పలికినందుకు క్షమాపణ కింద తన బతుకుతెరువుని తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాడు. ఆ మర్నాడు అన్నవరం తీసుకెళ్ళి కొండ మీద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. మా ఇంట్లో అందరూ నామీద విరుచుకుపడ్డారు, ఆవిణ్ణి ఎందుకు తెచ్చావని. "మర్యాద తెలీని మనిషి" అన్నారు. అబద్ధమాడటం తెలిసిన మనిషికి మాత్రం మర్యాద ఉంది కాబోలు!

రత్నం గారు అక్కడితో వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. సరైన ఎయిర్‌బ్యాగులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని బాబాయికి ఫోన్ చేసేవారు. "ఈ సీజను అవ్వగానే వేయిస్తానండి" అనేవాడతను. వేయిస్తే ప్రెసిడెంటు గారికి తెలుస్తుందని, ఆయన నొచ్చుకుంటారని పిన్నితో అన్నాడట. ఒకరోజు ఆవిడా నేనూ పనిమీద రావులపాలెం వెళ్తుంటే, ఒక కల్యాణమండపం ముందు పూలదండలతో ఆ కారు కనబడింది. పొద్దుటి ముహూర్తం, పెళ్ళికొడుకు ముందు సీట్లో కూర్చోబోతున్నాడు. రత్నం గారు మా బండి ఆపించి దిగారు. సన్నాయివాళ్ళని తప్పించుకుంటూ వెళ్ళి, పెళ్ళికొడుకు తండ్రిని పట్టుకున్నారు.

"ఏవండీ, ఆ ముందు సీట్లో ఎయిర్‌బ్యాగు లేదు. అబ్బాయిని వెనక కూర్చోబెట్టండి, బెల్టు పెట్టించండి."

"ఎవరమ్మా నువ్వు? పెళ్ళిపూట ఇదేం అపశకునం?"

"అపశకునం నేను కాదండి, ఆ కారు."

ఎవరో ఆవిడ భుజం పట్టుకుని పక్కకి నెట్టారు. బాబాయి డ్రైవరు సీట్లో తల దించుకుని కూర్చున్నాడు. సన్నాయి మళ్ళీ మొదలైంది. చొక్కా సర్దుకుంటూ ఆవిడ వెనక్కి వచ్చి మా కారెక్కారు. నేను కోపంతో ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు. "పెళ్ళికొడుకు వెనక్కి మారాడు, చూశావా? వాళ్ళమ్మ మార్పించింది. మగాళ్ళకి వినబడలేదు గానీ ఆవిడకి వినబడింది" అన్నారు. అంత గొడవలో ఆవిడ అది చూశారు.

ప్రమాదం ఆ పెళ్ళిరోజు జరగలేదు. ఆ తరవాత ఇంకో పెళ్ళి తాలూకు దంపతుల్ని అన్నవరం వ్రతానికి తీసుకెళ్ళి, ఇంటి దగ్గర దింపేసి, బాబాయి ఒక్కడే వస్తుండగా జరిగింది. కాలవగట్టు మీద మలుపులో గడ్డిమోపుల ట్రాక్టరు ఆగి ఉంది. బ్రేకు వేశాడు, కానీ చాల్లేదు. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. అయినా మొహం వెళ్ళి స్టీరింగుకి కొట్టుకుంది. పక్కటెముకలు విరిగాయి, అవి అతుకుతాయి. ఎడమ కన్ను మాత్రం ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. బండి తప్ప ఇంకే పనీ చేతకాని మనిషికి కన్ను పోయింది.

రాజమండ్రి ఆసుపత్రిలో మేమంతా మంచం చుట్టూ ఉన్నాం. మా అమ్మ, నాన్న, పిన్ని కింద చాప మీద కూర్చున్నారు. మంచం పక్కన ఉన్న ఒక్క స్టూలు ఖాళీగా ఉంది. నేను ఖాళీగా ఉన్న పక్క మంచం అంచున కూర్చున్నాను. రత్నం గారు వచ్చారు. ఎవరూ పలకరించలేదు. ఆవిడే జోస్యం చెప్పి ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టినట్టు మావాళ్ళు ఆవిడ వంక చూశారు. స్టూలు మీద కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడ్డారు. అప్పటికే మోకాళ్ళ నొప్పులతో నడవలేకపోతున్నారు.

కాసేపటికి బయట అలికిడైంది. ప్రెసిడెంటు గారు, వెనక పళ్ళబుట్ట మోస్తూ ఒక మనిషి. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. పిన్ని చీరకొంగుతో స్టూలు తుడిచి ఆయన వైపు జరిపింది. తెరిచిన ఒక్క కంటితో ఆయన్ని చూసి బాబాయి కూడా మంచం ఊచ పట్టుకుని లేవబోయాడు. ఆ దృశ్యం నేను చచ్చేదాకా మర్చిపోలేను. విరిగిన ఎముకలతో, తన కన్ను పోగొట్టిన మనిషి కోసం లేవబోయాడు!

"పడుకో, పడుకో" అన్నారు ప్రెసిడెంటు గారు, స్టూలు మీద కూర్చుంటూ. "ఏం చేస్తాం, రాసిపెట్టుంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ కారు మీద ఒక్క గీత పడలేదు."

"మీదేం తప్పులేదండీ. నా చూపే సరిలేదు" అన్నాడు బాబాయి. పిన్ని వైపు తిరిగి, "అయ్యగారిని భోంచేసి వెళ్ళమను" అన్నాడు.

నేను లేవలేదు. అమ్మ నా చెయ్యి గిల్లి, "లే" అని గొణిగింది. ప్రెసిడెంటు గారు అది చూశారు. "అమ్మాయికి ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

"బాగానే ఉందండి" అన్నాను. అప్పుడు లేచాను. ఆయన కోసం కాదు. గోడ దగ్గరికి వెళ్ళి, రత్నం గారి చెయ్యి పట్టుకుని, "మేడమ్, మీరిక్కడ కూర్చోండి" అని నా చోటులో కూర్చోబెట్టాను. మా నాన్న మొహం మాడిపోయింది. ఆవిడ మోకాళ్ళు సర్దుకుని, ప్రెసిడెంటు గారి వంక కన్నెత్తి కూడా చూడకుండా, బాబాయి వైపు వంగారు.

"నొప్పి బాగా ఉందా సూరిబాబూ?"

పొద్దుటినుంచీ ఆ గదిలోకి వచ్చినవాళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. అందరూ రాతని తిట్టారు, గ్రహాల్ని తిట్టారు, ట్రాక్టరు వాణ్ణి తిట్టారు. బాబాయి ఆవిడ వంక చూశాడు. అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రెసిడెంటు గారు కాసేపు కూర్చుని, పళ్ళబుట్ట పెట్టించి వెళ్ళిపోయారు.

రత్నం గారు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ చేసే పని ఇప్పుడు నేను చేస్తున్నాను, కార్ల కింద పడుకుంటున్నాను, మర్యాద తెలీనిదాన్నని పేరూ తెచ్చుకున్నాను. ఆవిడ నాకు కార్లు చూడ్డం నేర్పారని అందరూ అంటారు, అది సగమే నిజం. ఎవరి మీద కోపం రావాలో, ఎంతసేపు నిలవాలో కూడా నేర్పారు. బాబాయి ఇప్పుడు రేవు దగ్గర చిన్న కిళ్ళీకొట్టు పెట్టుకున్నాడు. ప్రెసిడెంటు గారి కొత్త కారు అటుగా వెళ్తే ఇప్పటికీ లేచి నమస్కారం పెడతాడు. ఆయన మీద నీకు కోపం రాదా బాబాయ్ అని అడిగితే, "పోన్లే అమ్మలూ, పెద్దాయన" అంటాడు. అతనికి రావలసిన కోపం కూడా నేనే మోస్తున్నాను.